మకాం మారే ఇంట్లో విశ్వాసం

విదేశానికి పరిచర్యకు వెళ్లే కుటుంబాన్ని మన సంఘాల్లో ఆరాధన చివర ముందుకు పిలుస్తారు. పాస్టరు గారు చేతులుంచి ప్రార్థిస్తారు. స్త్రీల సమాజం వాళ్లు శాలువా కప్పుతారు. "విశ్వాసంలో స్థిరంగా ఉండండి" అని పంపిస్తారు. మంచి మాటే. ఊరు, భాష, బడి, తిండి, ఆఖరికి ఆరాధన రోజు కూడా మారిపోయే చోట స్థిరంగా ఉండటం ఎలాగో మాత్రం చెప్పరు.

నేను నర్సును. మావారు ఎక్స్‌రే టెక్నీషియన్. ఇద్దరం గుంటూరు జిల్లా లూథరన్ సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లం. పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ముందు నేపాల్‌లో పాల్పా జిల్లా తాన్‌సేన్‌లో, తర్వాత ఆఫ్రికాలో మలావీలో మిషన్ ఆసుపత్రుల్లో పనిచేశాం. ఇప్పుడు మా సంఘం నుంచి ఒక చిన్న జంట పిల్లలతో బయల్దేరుతోంది. "అమ్మగారూ, నాలుగు ముక్కలు రాసివ్వండి, దగ్గర పెట్టుకుంటాను" అని ఆ అమ్మాయి అడిగింది. నాలుగు ముక్కల్లో తేలలేదు. అన్నిటినీ గట్టిగా పట్టుకుని కూర్చున్నవాళ్లే ముందు అలిసిపోవడం చూశాను. రెండు మూడు చిన్న అలవాట్లు వదలకుండా, మిగతావాటిని పోనిచ్చినవాళ్లు నిలబడ్డారు. నేను కింద రాసినవన్నీ దానికి లోబడినవే.

1. ఆరాధన ఏ రోజో ముందు తేల్చుకోండి

మేమున్న కాలంలో నేపాల్‌లో వారపు సెలవు శనివారం. ఆదివారం బడులు, ఆఫీసులు, ఆసుపత్రి ఓపీ అన్నీ మామూలే. అక్కడి సంఘాలు కూడేదీ శనివారమే. ఈ సంగతి ఉత్తరంలో రాస్తే మా అత్తగారు హడలిపోయారు. "కొంపదీసి సబ్బాతు సంఘంలో కలిసిపోయారా?" అని తిరుగు టపాలో ఉత్తరం. ఆవిడకు నచ్చజెప్పడానికి మావారికి చాలా కాగితాలే ఖర్చయ్యాయి.

మా పాపకు మాత్రం గర్వంగా ఉండేది. నేపాల్ గడియారం మనకన్నా పదిహేను నిమిషాలు ముందుంటుంది. "తాతయ్యవాళ్లు రేపు గుడికెళ్తారు, మనం ఇవాళే వెళ్లొచ్చేశాం, టైములో కూడా మనమే ముందు" అనేది.

పిల్లలకు సరదాగా ఉన్నది పెద్దవాళ్లకు అంత తేలిక కాదు. చిన్నప్పటినుంచి ఒంట్లో ఒక వారం లెక్క ఉంటుంది. శనివారం రాత్రి బట్టలు ఇస్త్రీ, ఆదివారం పొద్దున గంట, మధ్యాహ్నం కోడికూర. ఆ లెక్క తప్పితే నెల తిరిగేసరికి ఏ రోజూ ఆరాధన రోజు కాకుండా పోతుంది. కువైట్‌లో పనిచేసే మా చెల్లెలి కూతురికి కూడిక శుక్రవారం. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి ప్రభుత్వ సెలవు శని, ఆదివారాలకు మారి శుక్రవారం సగం పూట పనిదినమైంది. ఏ కూడిక ఏ రోజున పెట్టుకోవాలో అక్కడి సంఘాలన్నీ మళ్లీ ఆలోచించుకోవాల్సి వచ్చింది.

నేపాల్‌లో మేం పెట్టుకున్న పద్ధతి ఇది. శనివారం సంఘంతో ఆరాధన. ఆదివారం పొద్దున డ్యూటీకి వెళ్లేముందు ఇంట్లో నిలబడి ఒక్క తెలుగు కీర్తన. అంతే. నాకు శనివారం డ్యూటీ పడితే ఆ వారంలోనే ఇంకో పూట పని మానేసేదాన్ని. మిషన్ ఆసుపత్రి గదా, అంతా దేవుని పనే గదా అని వారమంతా పరుగెత్తే డాక్టర్లను చూశాను. వాళ్లలో చాలామంది కోపిష్టులయ్యారు.

2. కుటుంబ ప్రార్థన పది నిమిషాలు చాలు, కానీ రోజూ

ఇంటి పెద్ద అరగంట వాక్యం చెప్పి, పావుగంట ప్రార్థన చేసే పద్ధతి మన ఇళ్లల్లో ఉంది. కదలని ఇంట్లో అది నడుస్తుందేమో. రాత్రి పిలుపొచ్చి ఆసుపత్రికి పరుగెత్తే ఇంట్లో నడవదు. రెండు రోజులు తప్పుతుంది, మూడోరోజు సిగ్గేస్తుంది, తర్వాత ఎవరూ ఎత్తరు.

మాది రాత్రి అన్నాలయ్యాక. ఒక కీర్తన, బైబిల్లో కొన్ని వచనాలు, ఆ రోజు జరిగిన ఒక మంచి సంగతి ఒక్కొక్కరూ చెప్పడం, ప్రభువు నేర్పిన ప్రార్థన తెలుగులో. కరెంటు పోయినా అదే, జ్వరమొచ్చినా మంచం చుట్టూ కూర్చుని అదే. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన రాత్రి సామాను విప్పకముందే స్టీలు ట్రంకు మీద లాంతరు పెట్టుకుని అదే. పిల్లలకు ఇల్లంటే గోడలు కాకుండా ఈ పది నిమిషాలయ్యాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా అబ్బాయి పెళ్లయ్యాక వేరే ఊళ్లో కాపురం పెట్టినప్పుడు, మొదటి రాత్రి పెట్టెలు విప్పకుండా కోడలిని కూర్చోబెట్టాడట. ఆ అమ్మాయి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకటి వెంట తీసుకెళ్లండి. ఫోన్‌లో ఉంది గదా అనకండి, పుస్తకమే తీసుకెళ్లండి. మాది తాన్‌సేన్ వర్షాలకు చెమ్మగిల్లి అట్ట ఊడిపోతే, గాయాలకు కుట్లు వేసే సిల్కు దారంతో, వంపు సూదితో కుట్టాను. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు. మా పిల్లలు తెలుగు అక్షరాలు నేర్చింది ఆ పుస్తకంలోనే. బడిలో తెలుగు లేదు, ఇంట్లో వాచకాలు లేవు. పాట నోటికి వచ్చు కాబట్టి వేలు పెట్టుకుంటూ పోతే ఏ అక్షరం ఏ చప్పుడో వాళ్లకే తెలిసిపోయేది. దిత్వాలు, సంయుక్తాక్షరాలు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనల్లో వచ్చినన్ని ఒకటో తరగతి పుస్తకంలో రావు. ఆయన పుట్టింది 1803లో, తెలుగువాళ్లు కాని కుటుంబంలో. తెలుగు ఆయనకు పుట్టుకతో వచ్చిన భాష కాదని చెబితే మావాడు రోజంతా నమ్మలేదు.

3. అక్కడి సంఘంలో సభ్యులు కండి, అతిథులుగా ఉండొద్దు

తాన్‌సేన్‌లో సంఘం చాపల మీద కూర్చునేది. చెప్పులు బయట, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. అచ్చం మా ఊరి గుడే అనిపించింది. "జయ మసీహ్" అని చేతులు జోడించేవారు. పాటకు మాదల్ డోలు వాయించేవారు. వాక్యం మాత్రం నెలల తరబడి ముక్క అర్థం కాలేదు. వచ్చీరాని హిందీ కొంత సాయపడింది, కొంత చెడగొట్టింది.

అలాంటప్పుడు ఒక సులువైన దారి కనబడుతుంది. మిషన్ ఆసుపత్రుల్లో రకరకాల దేశాలవాళ్లుంటారు. సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ఇంగ్లిష్ కూడిక, టీ, కేకు. మేమూ వెళ్లేవాళ్లం, ఎంతో సేద తీరేది కూడా. కానీ అదొక్కటే మీ సంఘం చేసుకోకండి. ఆ కూడికలో ఎవరూ ముసలివాళ్లు కారు, ఎవరూ అక్కడే చనిపోరు, రెండు మూడేళ్లకు సగంమంది మారిపోతారు. స్థానిక సంఘంలో ఎవరికో పెళ్లి కుదరదు, ఎవరి కొడుకో తాగి వస్తాడు, ఎవరింట్లోనో గేదె చస్తుంది. వాళ్ల కోసం ప్రార్థిస్తుంటే మన ప్రార్థన మన వీసాలు, మన బదిలీల చుట్టూ తిరగడం మానేస్తుంది.

మలావీలో ఆరాధన మూడు గంటలు పట్టేది. ఒక గాయక బృందం పాడి కూర్చుంటే ఇంకోటి లేచేది. ప్రకటనలు మన వైపు ప్రసంగమంత. కానుకలు ముందుకు తీసుకెళ్లి వేసేటప్పుడు పాటకు అడుగు వేస్తూ వెళ్తారు. మావారు గుంటూరు లూథరన్, బిగుసుకుపోయి నడిచేవారు. చివరికి ఒక ముసలామె భుజం పట్టుకుని ఊపి అడుగు నేర్పింది.

అక్కడివాళ్లలో కలిసిపోవాలని చెప్పినప్పుడల్లా నాకు అజరయ్య గారు గుర్తొస్తారు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకుని 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథడ్రల్‌ను ఇంగ్లండ్ గుడిలా కట్టించలేదు. మన దేవాలయాల తీరు, మసీదుల తీరు అందులో కలిశాయి. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. పొరుగు భాషవాడు మన దగ్గరికి అలా వచ్చాడు. మనం ఇంకొకరి దగ్గరికి వెళ్లినప్పుడు అందులో సగమన్నా చేయాలి గదా.

ఒక జాగ్రత్త. బయటి దేశంవాళ్లను చూడగానే కమిటీలో వేస్తారు, మైకు ఇస్తారు. మొదటి ఏడాది ఏ పదవీ ఒప్పుకోవద్దు. చాపలు పరవండి, గ్లాసులు కడగండి.

4. చెప్పకూడని చోట నోరు మూసుకోవడమూ పరిచర్యే

మనం మైకు పెట్టి పాడుకునే జనం. క్రిస్మస్ నెలంతా వీధిలో స్టార్లు, ఉజ్జీవ కూడికలకు గోడల మీద పోస్టర్లు. అన్ని చోట్లా అది కుదరదు. నేపాల్‌లో 1990కి ముందు చట్టం ప్రకారం మతం మారినవాళ్లకు ఏడాది జైలు, మార్చినవాళ్లకు ఆరేళ్లు, విదేశీయులైతే దేశం నుంచి పంపేయడం. మిషన్‌కూ ప్రభుత్వానికీ ఉన్న ఒప్పందంలోనూ మత ప్రచారం చేయకూడదన్న షరతుండేది. 1990 ప్రజా ఉద్యమం తర్వాత జైల్లో ఉన్న విశ్వాసులు విడుదలయ్యారు. 2018 ఆగస్టులో అమల్లోకొచ్చిన కొత్త శిక్షాస్మృతిలో మతం మారిస్తే ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. వెళ్లేముందు ఆ దేశపు చట్టం చదవండి. ఒప్పందం మీద సంతకం పెట్టి, చాటుగా దాన్ని తప్పడం విశ్వాసం కిందికి రాదు.

మరి పరిచర్య ఏమిటి అని మొదట్లో నాకూ దిగులుగా ఉండేది. సాక్ష్యం చెప్పకుండా, పత్రిక పంచకుండా ఏం చేసినట్టు? తెల్లవారుజామున బెడ్‌పాన్ పెట్టేటప్పుడు ముక్కు చిట్లించకుండా ఉండటం, కొండ దిగి డోకో బుట్టలో మోసుకొచ్చిన బాలింతకు ముందు కాళ్లు తుడవడం, ఇదే మిగిలింది. కొన్నాళ్లకు ఇది తక్కువేం కాదనిపించింది.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎప్పుడూ పిల్లల పక్కన చాప మీద కూర్చునేవాడు. మొదటిసారి ఆయన్ని చూసి ఊరికే వచ్చిపోయే ముసలాయన అనుకున్నాను. విశ్వాసం కోసం జైల్లో ఉండొచ్చాడని వేరేవాళ్లు చెప్పారు. ఆయన నోటినుంచి ఆ మాట ఎప్పుడూ వినలేదు. మన వైపు అయితే ఆ సాక్ష్యంతో ఎన్ని కూడికలు పెట్టేవాళ్లమో!

5. పిల్లలకు వీడ్కోలు చెప్పుకోనివ్వండి

"దేవుడు పిలిచాడు, వెళ్తున్నాం" అనేది పెద్దల మాట. పిల్లల్ని ఎవరూ పిలవలేదు. వాళ్ల స్నేహితులు, వాళ్ల కుక్క, వాళ్లెక్కే జామచెట్టు పోతాయి. దాన్ని దేవుడి ఖాతాలో వేసి, ఏడవొద్దని నోరు నొక్కితే ఆ కోపం తర్వాత దేవుడి మీదికే పోతుంది.

1950లలో రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మన దేశంలో ఉంటున్న అమెరికన్లను పరిశీలించి, ఇలాంటి పిల్లలకు థర్డ్ కల్చర్ కిడ్స్ అని పేరు పెట్టారు. తల్లిదండ్రుల ఊరివాళ్లూ పూర్తిగా కారు, పెరిగిన ఊరివాళ్లూ కారు. మిషనరీ పిల్లలతో పనిచేసిన డేవిడ్ పోలక్ అనే ఆయన ఊరు మారేముందు చేయాల్సినవి నాలుగు చెప్పారు: మనస్పర్థలు ఉన్నవాళ్లతో సమాధానపడటం, మేలు చేసినవాళ్లకు ఆ మాట చెప్పడం, వీడ్కోలు చెప్పుకోవడం, వెళ్లబోయే చోటు గురించి ఉన్నదున్నట్టు ఆలోచించుకోవడం. వీడ్కోలు మనుషులకే కాదు, చోట్లకూ, పెంచుకున్న జంతువులకూ, వదిలేస్తున్న వస్తువులకూ చెప్పాలంటారు. మొదట విన్నప్పుడు తెల్లవాళ్ల చాదస్తం అనుకున్నాను.

మా పాప స్నేహితురాలు ఒక నార్వే అమ్మాయి. వాళ్ల కుటుంబం వెళ్లిపోయాక మా పాప కొత్తగా వచ్చిన పిల్లలతో ఆడటం మానేసింది. ఎందుకే అంటే, "వీళ్లూ రెండేళ్లకు వెళ్లిపోతారుగా" అంది. ఎనిమిదేళ్ల పిల్ల! అప్పుడు ఆ నాలుగూ చాదస్తం కాదని తెలిసింది. మేం తాన్‌సేన్ వదిలేముందు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. పాలుపోసే ఆమె, టీ కొట్టాయన, బడి ఆయా, ఆసుపత్రి గేటు దగ్గర కూర్చునే బహదూర్. పాప జామచెట్టు ఎక్కి దానికి కూడా చెప్పొచ్చింది. బుట్వల్ దాకా ఏడుస్తూనే ఉంది. ఏడవనిచ్చాం. మలావీలో బడి తెరిచిన వారానికి కొత్త స్నేహితురాలిని ఇంటికి తీసుకొచ్చింది.

మా అబ్బాయిది ఇంకో దారి. ఊటీ హాస్టల్లో చదివాడు. సెలవులకు మలావీ వచ్చినప్పుడు, పదిహేనేళ్ల వయసులో, "నాకు ప్రార్థన చేయాలని లేదు" అన్నాడు. మావారు ఒక్క నిమిషం ఊరుకుని, "చెయ్యొద్దు, కూర్చో" అన్నారు. కూర్చున్నాడు. చాలాకాలం అలా ఊరికే కూర్చున్నాడు. ఎందుకు నమ్మవని నిలదీయలేదు, నువ్వు చెడిపోయావని ఊరికి ఉత్తరాలు రాయలేదు. వాడు తిరిగి ఎప్పుడు నోరు విప్పాడో, ఏం ప్రార్థించాడో వాడి సంగతి. ఇక్కడ రాయను.

6. డబ్బు మాట వస్తుంది, సిద్ధంగా ఉండండి

విదేశం అంటే మన వైపు సంపాదనే. దుబాయ్ వెళ్లినవాళ్లు డాబా కడతారు, అమెరికా వెళ్లినవాళ్లు పొలం కొంటారు. మీరు మిషన్ ఇచ్చే భత్యంతో నెట్టుకొచ్చి, తిరిగొచ్చి అద్దె ఇల్లు వెతుక్కుంటుంటే, "ఇన్నేళ్లు అక్కడుండి ఏం వెనకేశారు?" అని మొహం మీదే అడుగుతారు. మావారిని సొంత అన్నగారే అడిగారు. జవాబు వెతుక్కోవద్దు, నవ్వి ఊరుకోండి.

సంపాదన కోసం కాక పరిచర్య కోసం సముద్రం దాటడం మన సంఘాలకు కొత్త సంగతీ కాదు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా మన తెలుగువాళ్లు కూలి ఒప్పందాల మీద దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లారు. వాళ్ల కోసం తెలుగు బాప్టిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్య గారిని కుటుంబంతో నాటాల్‌కు పంపాయి. ఆ ఏడాది చివరికల్లా కియర్స్నీ టీ తోటలో సంఘం ఏర్పడింది. పంపినవాళ్లలో ఎక్కువమంది మన పల్లెల పేద క్రైస్తవులే. డాలర్ల సాయం అందుకుంటున్న రోజుల్లోనే వాళ్లు తమలో ఒకరిని సముద్రం దాటించారు. ఇంకా విదేశీ కానుకల కోసం చెయ్యి చాచే మన సంఘాలు దీన్ని కొంచెం తలచుకోవాలి.

7. విశ్వాసం ఉంది గదా అని దోమతెర మానకండి

మలావీలో మలేరియా ఊరికే వదలదు. "దేవుడు కాపాడతాడు" అని మందు వేసుకోకుండా తిరిగి, పిల్లవాడికి ఫిట్స్ వచ్చాక ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన పరిచారకుల్ని చూశాను. ప్రార్థన చేశాం, క్వినైనూ ఎక్కించాం. పిల్లవాడు బతికాడు. ఏది పనిచేసిందని సాక్ష్యంలో వాదన పెట్టుకోవద్దు. తెర కట్టుకోండి.

8. చావుల గురించి ముందే మాట్లాడుకోండి

మేం మలావీ చేరిన కాలానికి ఎయిడ్స్ మందులు అక్కడి పేదలకు అందేవి కావు. ప్రభుత్వం ఉచితంగా పెద్ద ఎత్తున ఇవ్వడం మొదలైంది 2004లో. అంతకుముందు వార్డులో మంచానికి ఇద్దరు, మంచం కింద ఇంకొకరు. పొద్దున ఇంజెక్షన్ ఇచ్చిన చెయ్యి సాయంత్రానికి చల్లబడేది. మాతో పనిచేసే నర్సులే రోగులై వచ్చేవారు. ఆ రోజుల్లో నాకు ప్రార్థన నోటికి వచ్చేది కాదు. మన కూడికల్లో సాక్ష్యాలన్నీ జయంతోనే ముగుస్తాయి: జబ్బు చేసింది, ప్రార్థించాం, నయమైంది. నయం కానివాళ్లకు సాక్ష్యం చెప్పే చోటే లేదు. కీర్తనల గ్రంథంలో మాత్రం ఉంది. 88వ కీర్తన ఓదార్పు లేకుండానే ముగుస్తుంది. వార్డు డ్యూటీ దిగి వచ్చి అదే చదువుకునేదాన్ని. దాన్ని బైబిల్లో ఉంచినవాళ్లు ఎవరో గానీ మా బోటివాళ్లకు ఎంతో మేలు చేశారు.

మలావీలో చావుకు వెళ్లకపోవడం పెద్ద తప్పు. ఆడవాళ్లంతా వెళ్లి ఆ ఇంట్లో నేల మీద కూర్చుంటారు, రాత్రంతా పాడతారు, అక్కడే పడుకుంటారు. ఎవరికి తోచింది వాళ్లు మొక్కజొన్న పిండి తెస్తారు. పనుందని మానేసిన డాక్టరు ఎంత బాగా ఆపరేషన్ చేసినా అక్కడివాళ్లు పరాయివాడిగానే చూస్తారు.

మా నాన్నగారు పోయిన కబురు ఆసుపత్రి ఆఫీసు ఫోన్‌కు వచ్చింది. లిలాంగ్వే నుంచి విమానాలు మారి ముంబై, అక్కడినుంచి హైదరాబాద్, అక్కడినుంచి గుంటూరు. ఎంత తొందరపడినా సమాధి కార్యక్రమానికి అందనని లెక్కలోనే తేలిపోయింది. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రానికి సంఘం ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు. పలకరింపులు లేవు. నడుముకు చుట్టుకునే చితెంజె గుడ్డలు సర్దుకుని నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. నన్ను కుర్చీలోంచి దించి తమ మధ్య కూర్చోబెట్టారు. ఒకామె నా వంటింట్లోకి వెళ్లి తానే పొయ్యి వెలిగించింది. పాటలు ఎత్తారు, వాళ్ల చిచేవా భాషలో. మా నాన్నగారి పేరు పలకడం చేతకాక, మా పాప పేరుతో కలిపి "ఆమె తాత" అని ప్రార్థించారు. తెల్లారేదాకా వెళ్లలేదు. గుమ్మం పక్కన పిండి మూటలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆ పిండితో మేం చాలా రోజులు సంగటి తిన్నాం, వాళ్లు న్సిమా అంటారు.

బయల్దేరేముందు అమ్మానాన్నలను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి: మీకేమన్నా అయితే ఎవరు చూస్తారు, మేం రాలేకపోతే సమాధి ఎవరు జరిపిస్తారు, ఆదరణ కూడికకు మేం వచ్చేదాకా ఆగాలా వద్దా. అపశకునం అనుకోకండి. మా నాన్నగారు తానే తేల్చేశారు. "నా కోసం పరుగెత్తుకు రావొద్దు, అమ్మ కోసం రా" అన్నారు. అలాగే చేశాను.

9. ఇద్దరూ ఒకేసారి ఎండిపోరు

ఒకరికి ప్రార్థన రానప్పుడు ఇంకొకరు చేస్తారు. మలావీ వార్డులో నాకు ప్రార్థన రాని ఆ రోజుల్లో మావారు చేశారు. తర్వాత ఆయనకు అలాంటి కాలం వచ్చినప్పుడు నేను చేశాను. "నీకు విశ్వాసం తగ్గింది" అనే మాట భార్యాభర్తల మధ్య రాకూడదు. ఇంతకన్నా చెప్పడానికి లేదు.

10. తిరిగి రావడమే అన్నిటికన్నా కష్టం

వెళ్లేటప్పుడు అంతా కొత్తగా ఉంటుందని తెలుసు, మనసు సిద్ధపడుతుంది. సొంత ఊరు కొత్తగా ఉంటుందని ఎవరూ అనుకోరు. మేం తిరిగొచ్చేసరికి గుడిలో హార్మోనియం పోయి కీబోర్డు, డ్రమ్ములు వచ్చాయి. కీర్తనల పుస్తకం తెచ్చేవాళ్లు తగ్గి, గోడకున్న తెర మీద పాటలు కనబడుతున్నాయి. పాస్టరు గారు మారారు. నా ఈడు స్త్రీల సమాజం వాళ్లలో సగంమంది అమెరికాలో మనవల్ని ఎత్తుకుంటున్నారు. మా పాప తెలుగు మాట్లాడితే సండే స్కూలు పిల్లలు నవ్వారు, పుస్తకంలో మనిషిలా మాట్లాడుతోందట. కీర్తనల్లో నేర్చిన తెలుగు మరి! ఆదివారం గుడికి వెళ్తే శనివారం ఏదో మరిచిపోయామన్న గుబులు కొన్నాళ్లు పోలేదు.

విశ్వాసం సడలడానికి పరాయి దేశం కన్నా ఈ తిరిగొచ్చిన మొదటి ఏడాదే ఎక్కువ ప్రమాదం. అక్కడ మనం అవసరమైనవాళ్లం, ఇక్కడ ఎవరికీ కాము. ఆ దుఃఖానికి ఎవరూ పరామర్శకు రారు. పది నిమిషాల కుటుంబ ప్రార్థన అప్పుడూ మానకండి. కొత్త దేశానికి వెళ్లినట్టే సొంత సంఘానికీ వెళ్లండి. వెనక వరసలో కూర్చోండి, పేర్లు నేర్చుకోండి, చాపలు పరవండి.

పంపిన సంఘాలకు కూడా ఒక మాట. వచ్చిన వారానికే వాళ్లను వేదిక ఎక్కించి ఫొటోలతో రిపోర్టు చెప్పమనకండి, కొన్ని నెలలు ఆగండి. ఈలోగా వాళ్ల పిల్లలకు బడిలో సీటు, ఉండటానికి అద్దె ఇల్లు, గ్యాస్ కనెక్షన్, ఆధార్‌లో అడ్రసు మార్పు, ఇవి చూసిపెట్టండి. ఎవరో ఒకరు వారానికొకసారి ఆ ఇంటికి వెళ్లి కూర్చోండి. మాటలు లేకపోయినా ఫర్వాలేదు.